సారెలో ఒక కార్డు

మా ఎదురింటి వదినగారి అమ్మాయి పురిటికి వచ్చి, మూడో నెల వెళ్ళగానే అత్తవారింటికి ప్రయాణమైంది. చెప్పి పోదామని చంటిదానితో మా ఇంటికి వచ్చింది. బొట్టు పెట్టి, రవికెల గుడ్డ చేతిలో పెడుతూ, "టీకాలన్నీ అయినాయా అమ్మా?" అన్నాను.

"పుట్టిన రోజున ఆస్పత్రిలో వేశారు అత్తయ్యగారూ. మిగతావి అక్కడికి వెళ్ళాక వేయిస్తారుగా!" అంది.

అప్పటికప్పుడే వాళ్ళ అత్తగారికి ఫోన్ చేయించాను. ఆవిడ తెల్లబోయి, "పురుడు పోసినవారే వేయించి ఉంటారనుకున్నాం!" అన్నారు.

చూశారా! తప్పు ఎవరిదీ కాదు, నష్టం మాత్రం పసిదానిది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, ఒక రకం కామెర్లు మొదలైన అయిదింటికి కలిపి వేసే టీకా 6, 10, 14 వారాలకు వేయాలి. సరిగ్గా అవి పిల్ల అమ్మమ్మగారింట ఉండే రోజులే! కోరింత దగ్గు మరీ చంటిపిల్లలకే ప్రాణాంతకం.

బుధవారం నాడు తల్లినీ పిల్లనూ ఉపకేంద్రానికి వెంటబెట్టుకు వెళ్ళాను. నర్సమ్మ కోప్పడుతుందని జంకాం. ఆ తల్లి ఒక్కమాట అనలేదు. "ఆలస్యమైంది గాని అవకాశం పోలేదు. ఇవాళ మొదటిది వేస్తాను. తర్వాతవి నాలుగేసి వారాల ఎడంతో అక్కడ వేయించండి," అంది. సూది వేశాక అరగంట కూర్చోబెట్టింది. కాస్త జ్వరం వస్తే బెదిరిపోవద్దంది. పైసా తీసుకోలేదు. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద దేశంలో ఏ ఊరి ప్రభుత్వ కేంద్రంలోనైనా ఇవి ఉచితమే.

కనుక పురిటికి అమ్మాయి రాగానే, మీ ఊరి నర్సమ్మకూ అంగన్‌వాడీ టీచరుకూ కబురు చెప్పండి. అక్కడ పేరు రాయించుకున్నాం గదా అని ఊరుకోకండి. ఆ ఊరి పుస్తకంలో ఉన్న పేరు ఈ ఊరి నర్సమ్మకు ఎలా తెలుస్తుంది? తిరిగి పంపేటప్పుడు వియ్యపురాలికి తర్వాతి టీకా తేదీ నోటితో చెప్పండి.

మా వదినగారు చలిమిడి, పసుపు కుంకుమలతోబాటు తల్లీబిడ్డల కార్డును కూడా సారెలో పెట్టి పంపారు. అక్కడ అత్తగారు ఆ తేదీని క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టుకున్నారట. నాకు మాత్రం సారె అంతటిలోనూ ఆ కార్డే విలువైనదనిపించింది సుమండీ!