పాత కార్డుకు విలువేదీ?
చాగలమర్రి వీధుల్లో పిల్లలు ట్రంప్ కార్డులు మార్చుకోవడానికి ఎవరికీ సుంకం కట్టరు. ఫోన్‌లో ఆడే కార్డుల ఆట పోకెమాన్ టీసీజీ పాకెట్‌లో మాత్రం కట్టాల్సివచ్చింది. 2024 అక్టోబరు 30న వచ్చిన ఆ ఆట, 2025 ఫిబ్రవరి ముగిసేలోగా కార్డుల సెట్లు నాలుగు దించింది. అదే ఏడాది జనవరిలో మార్పిడికి వీలిచ్చినా, అరుదైన కార్డులు మార్చుకోవడానికి కావలసిన టోకెన్ల కోసం, దాచుకున్న అలాంటి కార్డులనే వదులుకోవాలన్నారు. ఆటగాళ్లు గగ్గోలు పెట్టాక జులైలో ఆ టోకెన్లను ఎత్తేశారు. టోకెన్లు పోయినా అసలు భయం వేరే ఉంది: కొత్త సెట్టు అనగానే ఆటగాళ్లు బెదిరేది కొత్తదనానికి కాదు, నిన్నటిదాకా కూడబెట్టినవి రేపు చెల్లవేమోనని. నా మాట ఒకటే: కొత్త కార్డు పాతదానికి కొత్త ఎత్తు నేర్పాలి గానీ, దాన్ని చిత్తుకాగితం చేయకూడదు. అది చేతగాకపోతే నెలకొకటి మానేసి, మూడు నెలలకో సెట్టు తెచ్చినా చాలు.