మూత పెట్టరా అబ్బాయ్!

ఈ సంచికకి విద్యావిధానం మీదో, యువత బాధ్యతల మీదో వ్యాసం రాయమని మిత్రులు సలహా ఇచ్చారు. ఆ రెండింటి మీదా రాసేవారికి మన కాలేజీలో కొదవ లేదు గనుక నేను టీ గురించి రాస్తున్నాను. అదీ కాంటీను టీ గురించి కాదు. దాని గురించి రాస్తే వ్యాసం కూడా పలచబడుతుంది. పెరట్లో కోసిన ఆకుతో ఇంట్లో కాచుకునే టీ గురించి.

మాది కలిదిండి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణాజిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. జిల్లా మారింది గానీ నీళ్ళు మారలేదు. ఒక పక్క కొల్లేరు, ఇంకో పక్క ఉప్పుటేరు. ఎండాకాలంలో ఏటిలోకి సముద్రం ఎగదన్నుకొస్తుంది. చేతిపంపు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చుట్టూ కనుచూపు మేరా చేపల చెరువులే, తాగే నీళ్ళు మాత్రం టిన్నుల్లో వస్తాయి. అలాంటి ఊళ్ళో మా అమ్మమ్మ పెరట్లో మట్టి ఎత్తుగా పోసి, దాని మీద ఒక నిమ్మగడ్డి దుబ్బు, నాలుగు తులసి మొక్కలు, పగిలిన బకెట్టులో వామాకు పెంచుతుంది. కోటలో తులసి వేరు, దాన్ని కోయనివ్వదు. ‘అది దేవుడిది, ఇవి మనవి’ అంటుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు వాటికి తగలనివ్వదు. మంచినీళ్ళు కొనుక్కునే ఊళ్ళో మొక్కకి రోజూ చెంబుడు మంచినీళ్ళు పోయడం ఎంత పిచ్చో, ఎంత ప్రేమో మీరే ఆలోచించండి.

ఆవిడ టీ కాచే పద్ధతి చెబుతాను. గట్టిగా వాసన రావాలంటే గంటసేపు మరగనివ్వాలని నేనూ మీలాగే అనుకునేవాణ్ణి. ఆవిడ అలా చెయ్యదు. రెండు గ్లాసుల నీళ్ళల్లో చితక్కొట్టిన శొంఠి ముక్కో, నాలుగు మిరియాలో వేసి వాటిని మాత్రం బాగా మరగనిస్తుంది. నిమ్మగడ్డి మూడు నాలుగు పోచలు కడిగి, ముడి వేసి, నలిపి పక్కన పెట్టుకుంటుంది (కోసేటప్పుడు జాగ్రత్త, అంచు వేలు కోస్తుంది). గిన్నె దించాక అప్పుడు వేస్తుంది ఆకు. వేసిన మరుక్షణం మూత. ‘మూత పెట్టరా అబ్బాయ్, వాసనంతా పక్కింటోళ్ళకి పోతోంది!’ అని చిన్నప్పుడు ఎన్నిసార్లు తిట్లు తిన్నానో. అయిదారు నిమిషాలాగి వడపోత, చిన్న బెల్లం ముక్క, అంతే.

బీయెస్సీలో చేరాక గానీ ఆ తిట్లకి అర్థం తెలిసిరాలేదు. నిమ్మగడ్డిలో సిట్రాల్, తులసిలో యూజినాల్, వామాకులో కార్వక్రాల్, థైమాల్. ఇవన్నీ ఆవిరితో పాటు లేచిపోయే తైలాలు. కర్మాగారంలో నిమ్మగడ్డి తైలం తీసేది కూడా ఆవిరి పట్టే గదా! మూత లేకుండా ఆకుని మరిగించేవాడు చేస్తున్నదీ అదే పని, కాకపోతే తైలాన్ని సీసాలోకి పట్టుకోకుండా వంటింటి కప్పుకి పూస్తున్నాడు. గదంతా ఘుమఘుమలాడుతోందంటే గ్లాసులో ఆ మేరకి తగ్గినట్టే.

మన వైద్యులకీ ఈ భేదం తెలుసు. శార్ఙ్గధర సంహితలో కషాయాలు అయిదు రకాలు: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. వేళ్ళూ బెరడులూ బాగా మరిగించి, నీళ్ళు తగ్గాక దించేది క్వాథం. వేడినీళ్ళల్లో వేసి, కాసేపుంచి వడకట్టేది ఫాంటం. మా అమ్మమ్మకి ఈ పేర్లు తెలియవు. శొంఠికి ఒకటి, ఆకుకి ఇంకొకటి ఆవిడ చేతికి తెలుసు. మనం వచ్చి రెండింటినీ కలిపి ‘కషాయం’ అని ఒకే గిన్నెలో ఉడకబెట్టి, చేదుగా ఉంటేనే గుణం అని నమ్మి, ముక్కు మూసుకుని తాగుతున్నాం.

అసలు పేచీ ఇక్కడే ఉంది. ఆకు టీని మనం తాగే పానీయంగా చూడటం మానేసి మందుగా చూస్తున్నాం. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కేంద్ర ఆయుష్ శాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్ష వేసి కాచింది రోజుకి ఒకటి రెండు సార్లు తాగమని చెప్పింది. మనవాళ్ళు ‘ఒకటి రెండు’ అన్న మాట వదిలేసి, కడుపులో మంట పుట్టేదాకా తాగారు.

ఇతరుల్ని అనడమెందుకు, నా సంగతే చెబుతాను. పోయిన వానాకాలం హాస్టల్లో నా గదిమిత్రుడికి జ్వరం వచ్చింది. ఆకుల మీద అధికారిని నేనే గదా! పూటకో గ్లాసు తులసి మిరియాల కషాయం పట్టించాను. వాడు పాపం నా మొహం చూసి తాగాడు. నాలుగు రోజులు. అయిదో రోజు మంచం దిగలేకపోయాడు. రక్తపరీక్ష చేయిస్తే డెంగీ. ఆరు రోజులు ఆసుపత్రిలో సెలైను సీసా కింద కూచుని, వాళ్ళ అమ్మ మొహంలోకి చూడలేకపోయాను. వాడు కోలుకున్నాడు గనుక ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

ఫోనులో చెబితే అమ్మమ్మ నన్ను ఓదార్చలేదు. ‘అది గొంతు గరగరకిరా, జొరానికెవడిమ్మన్నాడు? మీ మావయ్యకి జొరమొస్తే రెండోనాడే కైకలూరు తీసుకెళ్ళలా?’ అంది. ఆకు గురించి ఏ పుస్తకంలో చదివినా ఇంత స్పష్టంగా నాకెవరూ చెప్పలేదు.

అయితే, మందు కానిది మనకెందుకు అంటారేమో. మామూలు టీ మాత్రం మందా? 1903లో ప్రభుత్వం టీ సెస్సు చట్టం చేసి, ఆ డబ్బుతో టీకి ప్రచారం చేయించింది. అలా మొదలైన ప్రచారాలు పెరిగి పెరిగి టీని మన గడపల్లోకి తెచ్చాయి. నిమ్మగడ్డికి ఎవరూ ప్రచారం చెయ్యలేదు. ఇప్పుడు దాన్నే ఎండబెట్టి, దారం కట్టిన కాగితపు సంచుల్లో పోసి, అట్టపెట్టె మీద ఆకుపచ్చ బొమ్మ వేసి అమ్ముతుంటే కొంటున్నాం. దుబ్బు లోంచి ఒక పిలక పీకి పాతితే ఏడాదిలో వీధి మొత్తానికీ సరిపోయే గడ్డిని! ఒక్క లోపం ఒప్పుకుంటాను, ఇందులో కెఫీన్ లేదు. పరీక్షల ముందు రాత్రి మిమ్మల్ని మేలుకొలిపేది కాదు. హాయిగా నిద్రపుచ్చినా పుచ్చవచ్చు, ఆ పాపం నాది కాదు.

మా ప్రాంతం మిత్రులకి మాత్రం ఒక మాట. చేపల చెరువు గట్టు మీద పచ్చగా కనబడింది గదా అని కోసుకురాకండి. గట్టున ఏ కలుపుమందు కొట్టారో, అది ఎప్పుడు కొట్టారో మనకి తెలీదు. మరిగిస్తే నీళ్ళల్లో క్రిములు చస్తాయి గానీ ఉప్పూ పోదు, మందూ పోదు. పెరడున్న వాళ్ళు పెరట్లో, లేనివాళ్ళు డాబా మీద కుండీలో వేసుకోండి. మా ఊళ్ళో పెరడు పూడ్చి గది వేసిన ఇల్లు, పొలం తవ్వి చెరువు చేసిన రైతు, ఇద్దరూ లెక్క ప్రకారం లాభపడ్డవాళ్ళే. వాళ్ళని తప్పు పట్టను. కానీ వాళ్ళ ఇళ్ళ నించి గ్లాసు పట్టుకుని మా అమ్మమ్మ పెరట్లోకే వస్తారు, రెండు పోచలు ఇవ్వమ్మా అని. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు.

విద్యార్థి సంఘం వారికి నా విన్నపం చిన్నది. హాస్టలు వెనక కుళాయి పక్కన నీళ్ళు నిలవని జాగా ఒకటుంది, నేను చూసిపెట్టాను. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేటప్పుడు గోనెసంచిలో పది పిలకలు తెస్తాను. గునపం మాత్రం నా దగ్గర లేదు.