ఒక్కరోజే వాడిన బ్రేకులు

సెకండ్‌హ్యాండ్ పెర్ఫార్మెన్స్ బ్రేకుల బేరంలో అమ్మేవారికి బాగా కలిసొచ్చే మాట ఒకటుంది: "ట్రాక్ మీద ఒక్కరోజే వాడాం." ఇరవై వేల కిలోమీటర్లు రోడ్డు మీద తిరిగిన సెట్టు కంటే అది కొత్తదానికి దగ్గరని కొనేవారూ నమ్ముతారు. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లిలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవారు పాత పుస్తకాలు కొనడంలో తప్పులేదు. ఎంతమంది చదివినా వాటిలోని విషయం అరగదు. బ్రేకు సంగతి వేరు.

బ్రేకు పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే పుట్టేది సుమారు 139 కిలోజౌళ్లు. 120 నుంచైతే 556. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా ట్రాఫిక్‌లో కారు 60 అందుకోవడమే గగనం. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు; ఒక మలుపు దగ్గర కాగిన డిస్కు చల్లారకముందే ఇంకో మలుపు వస్తుంది. 500 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. కాబట్టి బ్రేకు వయసుకు కిలోమీటర్లు కొలమానం కావు, తిన్న వేడే కొలమానం. ఆ లెక్కన "ఒక్కరోజే" అన్నది ధర తగ్గించవలసిన మాట.

మందం చూపించి ఒప్పించడం ఇంకో పద్ధతి. డిస్కుపై అచ్చువేసిన కనీస మందం అరుగుదలకు హద్దు మాత్రమే, పగుళ్లకు కాదు. పోత ఇనుము పదేపదే కాగి చల్లారితే వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. అవి అంచుకు చేరాయంటే డిస్కు తుక్కు కిందే లెక్క. లేత్‌కిచ్చి నున్నగా తీయిస్తే లోతైన పగుళ్లు అలాగే ఉంటాయి, వేడిని దాచుకునే లోహం మాత్రం తగ్గుతుంది. కార్బన్ సెరామిక్ డిస్కుకైతే మందం కొలత దాదాపు పనికిరాదు. అది కార్బన్ కాలిపోయి బరువు తగ్గుతుంది కనుక దానిపై కనీస బరువు ముద్రిస్తారు. తూకం రాళ్లతో బేరానికి వెళ్లేవారు అరుదు!

అసలు చిక్కు ఇదీ. కంపెనీ బ్రేకులతోనే ఏబీఎస్ పనిచేసేంతగా పట్టు దొరుకుతుంటే, కారు ఎంత దూరంలో ఆగుతుందో తేల్చేది టైర్లు. పెద్ద బ్రేకులు ఆ ఒక్క ఆపుడును పెద్దగా తగ్గించవు. పదో ఆపుడులోనూ పట్టు సడలకుండా చూస్తాయి. అంటే డబ్బు పోసి కొనేది వేడిని ఓర్చుకునే శక్తినే. ట్రాక్ మీద మాడిన సెట్టులో ముందు ఖర్చయ్యేదీ అదే. రేసు ప్యాడ్లయితే మరీను: వేడెక్కితే తప్ప కరవవు, చిక్కడపల్లి సిగ్నల్ దగ్గర కీచుమంటాయి.

ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ ఒక్కటి మినహాయింపు. దాని అల్యూమినియం ఒళ్లు ఏళ్లపాటు నిలుస్తుంది. పిస్టన్‌ను వెనక్కి లాగే రబ్బరు సీలు మాత్రం వేడికి గట్టిపడుతుంది. అప్పుడు ప్యాడు డిస్కును వదలదు, లేదా బ్రేక్ ఆయిల్ కారుతుంది. క్యాలిపర్‌పై ఎరుపు రంగు గోధుమకు తిరిగితే బాగా కాగిందని అనుమానించాలి. కొత్త సీళ్లు, కొత్త డాట్ 4 ఆయిల్ ఖర్చు కలుపుకొని క్యాలిపర్‌కు వెల కట్టాలి. వెంట ఇచ్చే డిస్కులకు, ప్యాడ్లకు పైసా ఇవ్వనక్కర్లేదు.