అవతలి చివర ఎవరున్నారు?

రోగి ఇంటి దగ్గరే ఉండగా అతని బరువును, రక్తపోటును, నాడి వేగాన్ని, రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని పరికరాలతో కొలిచి, ఆ అంకెలను ఫోను ద్వారా ఆసుపత్రికి చేరవేసే ఏర్పాటును రిమోట్ పేషెంట్ మానిటరింగ్ అంటారు. తెలుగులో దూర పర్యవేక్షణ అనవచ్చు. పరికరాలు ఇంటింటికీ చేరితే జబ్బు ముదరకముందే బయటపడుతుందని, రోగి మళ్లీ ఆసుపత్రిలో చేరవలసిన అవసరం తగ్గుతుందని, నర్సులకు పని తేలికవుతుందని, ఖర్చు కలిసివస్తుందని ఆసుపత్రుల యాజమాన్యాలలోనూ ఆరోగ్యశాఖల ప్రణాళికలలోనూ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. అమ్మకందారులు ఈ మాటలు చెప్పడంలో వింత లేదు. వైద్యసంస్థలు వాటిని నిగ్గుతేల్చకుండా ఒప్పుకోవడమే వింత, ఎందుకంటే ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన పెద్ద అధ్యయనాల ఫలితాలు 2010 నుంచీ అందరి ముందూ ఉన్నాయి.

ఆ పరీక్షలలో ముఖ్యమైనవి హార్ట్ ఫెయిల్యూర్ రోగుల మీద జరిగాయి. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు; శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడం, దానివల్ల ఊపిరితిత్తులలోనూ కాళ్లలోనూ నీరు చేరడం. నీరు చేరితే బరువు పెరుగుతుంది కాబట్టి రోజూ తూకం చూసుకుంటే ప్రమాదం ముందే తెలుస్తుందన్న తర్కం వినడానికి తిరుగులేనిదిగా ఉంటుంది. కానీ అమెరికాలో 1,653 మందితో జరిగి 2010లో వెలువడిన టెలీ-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో, రోజూ ఫోను చేసి యంత్రం అడిగిన ప్రశ్నలకు తమ బరువునూ లక్షణాలనూ తెలిపిన వర్గంలో ఆరు నెలల లోపు మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు లేదా మరణించినవారు 52.3 శాతం కాగా, మామూలు వైద్యం పొందిన వర్గంలో వారు 51.5 శాతం. పర్యవేక్షణ వర్గంలో దాదాపు 14 శాతం మంది ఆ ఏర్పాటును ఒక్కసారి కూడా వాడలేదు. అది పాతకాలపు ఫోను పద్ధతి కాబట్టి విఫలమైందని సమర్థకులు సర్దిచెప్పుకున్నారు. 2016లో వెలువడిన బీట్-హెచ్‌ఎఫ్ అధ్యయనం ఆ సాకును కూడా మిగల్చలేదు: కాలిఫోర్నియాలోని ఆరు బోధనాసుపత్రులలో 1,437 మందికి సంబంధించిన ఈ అధ్యయనంలో ఒక వర్గానికి అంకెలను తామే పంపే పరికరాలను ఇచ్చి, నర్సులచేత ఫోనులో సలహాలు కూడా చెప్పించారు; అయినా 180 రోజులలో తిరిగి చేరినవారు ఆ వర్గంలో 50.8 శాతం, రెండో వర్గంలో 49.2 శాతం.

కొలవడంలోనే మేలు ఉందనుకునేవారు ఈ అంకెలకు జవాబు చెప్పలేరు. ఇంకా తేటగా విషయాన్ని విడదీసి చూపిన అధ్యయనం 2011 నాటి ఛాంపియన్. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకుపోయే పుపుస ధమనిలో కార్డియోమెమ్స్ అనే చిన్న సెన్సరును అమర్చితే, బరువు పెరగడానికి ముందే పెరిగే పీడనాన్ని అది తెలుపుతుంది. అందులో పాల్గొన్న 550 మందికీ ఆ సెన్సరు పెట్టారు, అందరూ ఇంటి నుంచి కొలతలు పంపారు. తేడా ఒక్కటే, సగం మంది కొలతలను డాక్టర్లకు చూపించారు, మిగతా సగం మందివి చూపించలేదు. చూపించిన వర్గంలో డాక్టర్లు మందుల మోతాదులను రెండింతలకు పైగా ఎక్కువసార్లు మార్చారు, ఆరు నెలలలో హార్ట్ ఫెయిల్యూర్ కారణంగా ఆసుపత్రిలో చేరడం 28 శాతం తక్కువగా ఉంది. రెండు వర్గాలలోనూ పరికరం ఒకటే, కొలతలూ ఒకటే. ఫలితం తెచ్చింది మోతాదు మార్పు.

జర్మనీలో జరిగి 2018లో వెలువడిన టిమ్-హెచ్‌ఎఫ్2 అధ్యయనాన్ని దూర పర్యవేక్షణ విజయానికి సాక్ష్యంగా తరచూ చూపుతారు, అది న్యాయమే. అందులో ప్రణాళిక లేకుండా గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరడం వల్లగానీ మరణం వల్లగానీ కోల్పోయిన కాలం సాధారణ వైద్యంలో ఏడాదికి సగటున 24.2 రోజులు ఉండగా పర్యవేక్షణలో 17.8 రోజులకు తగ్గింది. మరణాలు కూడా తగ్గాయి. అయితే ఈ ఫలితాన్ని ఉదహరించేవారు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి కేంద్రంలో రాత్రింబవళ్లు, వారానికి ఏడు రోజులూ డాక్టర్లు, నర్సులు కూర్చుని ఉన్నారని, అంకెను చూసిన వెంటనే మందు మార్చే లేదా రోగిని ఆసుపత్రిలో చేర్పించే అధికారం వారికి ఉండేదని చెప్పడం మరచిపోతారు. ఆ కేంద్రాన్ని వదిలేసి తూకం యంత్రాలను మాత్రమే కొనే సంస్థ జర్మనీ అధ్యయనాన్ని చూపించి కాలిఫోర్నియా ఫలితాన్ని కొనుక్కుంటోంది.

పని తేలికవుతుందన్న మాట అన్నింటికంటే బలహీనమైనది. ఏ అంకె దగ్గర హెచ్చరిక మోగాలో నిర్ణయించే హద్దును బిగిస్తే అక్కరలేని హెచ్చరికలు కుప్పలుగా వచ్చి సిబ్బంది చెవులు మొద్దుబారతాయి. వదులు చేస్తే అసలు ప్రమాదమే తప్పించుకుపోతుంది. చేయి సరిగా పెట్టకుండా చూసుకున్న బీపీ, చెప్పులతో ఎక్కిన తూకం, గోళ్ల రంగు మీద పెట్టిన ఆక్సీమీటరు, వీటన్నింటినీ ఒక మనిషి ఫోను చేసి తేల్చుకోవలసిందే. అది ఇంతకుముందు లేని పని, దానికి గంటలు కావాలి. ఖర్చు విషయంలో ఇంగ్లండు అనుభవం పాఠంలాంటిది: కార్న్‌వాల్, కెంట్, న్యూహమ్‌లలో మూడు వేలమందికి పైగా రోగులతో నడిచిన హోల్ సిస్టమ్ డెమాన్‌స్ట్రేటర్ అధ్యయనంలో ఏడాదిలో మరణాలు 8.3 శాతానికి బదులు 4.6 శాతంగా కనిపించగానే, ఖర్చు లెక్కలు తేలకముందే 30 లక్షల మందికి ఈ సేవను చేర్చే ప్రచారాన్ని ప్రభుత్వం 2012లో తలకెత్తుకుంది. 2013లో లెక్కలు తేలాయి: పూర్తి ఆరోగ్యంతో గడిపే ఒక సంవత్సరానికి సమానమైన అదనపు మేలుకు దాదాపు 92,000 పౌండ్లు, అప్పట్లో అక్కడ సాధారణంగా ఆమోదించిన హద్దు 20,000 నుంచి 30,000.

అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా పరికరాల సరఫరాకు చెల్లించడానికి ఏళ్లపాటు పెట్టుకున్న షరతు, 30 రోజులలో కనీసం 16 రోజుల కొలతలు అందడం. చెల్లింపు కొలతకు ముడిపడితే కొలతలే పండుతాయి. రోగికి నేర్పడం, పరికరం ఇవ్వడం, వచ్చిన అంకెలను బట్టి వైద్యాన్ని నడపడం అనే మూడు భాగాలూ దాదాపు 43 శాతం మందికి పూర్తిగా అందలేదని అక్కడి ఆరోగ్యశాఖ తనిఖీ విభాగం 2024లో తేల్చింది.

తెలుగునేల మీద కూడా ఇలాంటి పరీక్ష జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిని గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే స్మార్ట్‌హెల్త్ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. గుర్తించడం జరిగింది, బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది ఆశాల వైఫల్యం కాదు, గుర్తించాక రోగికి కావలసిన డాక్టరు, మాత్రలు ట్యాబ్‌లో ఉండవు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ విధానం గ్రామానికి డాక్టరు నెలకు రెండుసార్లు రావాలని నిర్ణయించింది. అలాంటి చోట రోజువారీ కొలతలను ప్రవేశపెడితే, రెండు రాకల మధ్య పోగుపడే అంకెలను చూసి నీరు తీసే మాత్రను ఒకటి నుంచి రెండు చేయగల అధికారం గ్రామంలోని క్లినిక్ నర్సుకు ఉందా, ఆ మాత్ర అక్కడి అలమారలో ఉందా అన్నవి పరికరాల టెండరు పిలవడానికి ముందే తేలవలసిన ప్రశ్నలు.