వినకపోయినా ఫరవాలేదు

రాక్ సంగీతం వింటే ఒళ్ళంతా ఊగిపోవాలి అంటారు. అటువంటి సంగీతంలో పేరు తెచ్చుకున్న మనిషి, “మీరు శ్రద్ధగా వినకపోయినా ఫరవాలేదు, మీ పని మీరు చూసుకోండి” అనే సంగీతానికి దిగాడంటే, పాపం, అతనికేదో అయిందనుకుంటాం. అయిన మాట నిజమే. టాక్సీ గుద్దింది.

ఆయన ఇంగ్లండుకు చెందిన బ్రయన్ ఈనో. 1948లో పుట్టాడు. రాక్సీ మ్యూజిక్ అనే బృందంలో, లోకంలో లేని ధ్వనులు పలికించే సింథసైజరు అనే యంత్రం వాయించేవాడు. తళుకుల దుస్తులూ, ముఖాన రంగులూ, అదంతా పెద్ద వేషం! 1973లో ఆ బృందం విడిచిపెట్టి, తానే పాడుతూ రెండు రికార్డులు చేశాడు. 1975 జనవరిలో ఈ ప్రమాదం జరిగి మంచం పట్టాడు.

పరామర్శకు వచ్చిన స్నేహితురాలొకామె, హార్ప్ అనే తీగవాద్యం మీద వాయించిన పద్దెనిమిదో శతాబ్దపు సంగీతం రికార్డు ఇచ్చి వెళ్ళింది. నానా తంటాలుపడి దాన్ని వేసి, మళ్ళీ పడుకున్నాడు. తీరా చూస్తే ధ్వని బొత్తిగా తగ్గించి వుంది. స్టీరియోలో ఒక పక్క అసలే పలకడం లేదు. లేచి సరిచేసే ఓపిక లేదు. విధిలేక అలాగే విన్నాడు. బయట వాన చప్పుడు, గదిలో వెలుతురు, వాటితోపాటు ఆ సంగీతమూ అన్నీ కలిసిపోయాయి.

ఆ వేసవిలోనే లండనులో ‘అనదర్ గ్రీన్ వరల్డ్’ రికార్డు తయారయింది. పాటలేవీ సిద్ధం చేసుకోకుండానే స్టూడియోకి వెళ్ళాడు. ఏమీ తోచనప్పుడు, పీటర్ ష్మిట్ అనే చిత్రకారుడితో కలిసి తయారుచేసుకున్న కార్డుల్లోంచి ఒకటి లాగి, అది చెప్పినట్టు చేసేవాడు. మన పెద్దలు రామాయణం తెరిచి ప్రశ్న చూసుకున్నట్టన్న మాట!

రికార్డులో పద్నాలుగు రచనలుంటే, పాడినవి అయిదే. వాటిలో ఒకదానికి రాబర్ట్ ఫ్రిప్ గిటారు వాయించాడు. కాలేజీ ప్రయోగశాలలో విమ్స్‌హర్స్ట్ యంత్రం తిప్పితే నిప్పురవ్వలు ఎగురుతాయి చూశారూ, అచ్చం అలా వుండాలని ఈనో కోరాడట. వుంది కూడాను. ఇక రికార్డు పేరే పెట్టుకున్న రచన రెండు నిమిషాలైనా లేదు. ఒకే చిన్న వరస ఎక్కడో దూరాన్నించి వచ్చి, తిరిగి తిరిగి, ముగియకుండానే వెళ్ళిపోతుంది. బి. బి. సి. వారి ‘అరీనా’ కార్యక్రమానికి ముందు వినిపించేది అదే.

1978లో విమానాశ్రయాల కోసమంటూ మరో రికార్డు చేసి, ఈ ధోరణికి ‘యాంబియెంట్’ అని పేరు పెట్టాడు. అందులో తంబురనే కచేరీకి కూర్చోబెట్టినట్టుంటుంది. గొప్పదే కావచ్చు, నాకు మటుకు ఓపిక చాలలేదు. ఒక కాలు పాటలోనూ, ఒక కాలు నిశ్శబ్దంలోనూ వుంచిన 1975 రికార్డే నాకిష్టం.

సాహిత్యం లేని పాటేమిటి, మనసు పెట్టకుండా వినడమేమిటి అని వాదించే తెలుగు మేష్టర్ని నేను. మా నాన్నగారు ఆఖరి రోజుల్లో మంచం పక్కన రేడియో వినీ వినపడనంతగా పెట్టించుకునేవారు. “ఇలా అయితే ఏం వినబడుతుంది నాన్నగారూ?” అంటూ నేను వెళ్ళినప్పుడల్లా ధ్వని పెంచేవాణ్ణి. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, కిటికీ వైపు తిరిగి పడుకునేవారు.