చిగురుగుంట బంగారం: రాళ్లపొడి ఎవరి వాకిట్లో?

ఒక టన్ను రాయిని భూమిలోంచి తవ్వి, పైకి చేర్చి, పిండిలా నూరితే చేతికొచ్చే బంగారం 5 గ్రాములు. చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనుల లెక్క ఇది. 2018లో ఈ బ్లాకును వేలం వేసినప్పుడు చెప్పిన నిల్వ 18.3 లక్షల టన్నుల ఖనిజం, టన్నుకు సగటున 5.15 గ్రాములు. వేలంలో గెలిచింది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ. మొత్తం దక్కితే తొమ్మిదిన్నర టన్నుల బంగారం. 2025లో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటాక ఈ లెక్క అందరి నోళ్లలోనూ నానుతోంది. మిగిలే 18 లక్షల టన్నుల రాళ్లపొడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

బంగారం ఇక్కడే ఎందుకుందో చూస్తే ఆ పొడి సంగతీ అర్థమవుతుంది. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వత శిలల పట్టీ ఒకటి కోలారు నుంచి దక్షిణంగా కుప్పం ప్రాంతంలోకి దిగుతుంది. పొడవు 80 కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల నాలుగైదు కిలోమీటర్లే. భూగర్భం నుంచి వేడినీళ్లు రాతి పగుళ్ల వెంట పైకి వస్తూ, గంధకం సాయంతో బంగారాన్ని కరిగించి తెచ్చాయి. ఒత్తిడి తగ్గినచోట, గంధకం రాతిలోని ఇనుముతో కలిసిపోయినచోట బంగారం విడిపోయి పలుగురాయి ఈనెల్లో చిక్కుకుంది. అందుకే అది ముద్దలుగా దొరకదు. గొట్టపు డ్రిల్లుతో లోతు నుంచి రాతి కడ్డీలు తీసి, పొడి చేసి, ప్రయోగశాలలో పరీక్షిస్తే గానీ ఉందో లేదో తెలియదు. ఉందని తెలిశాక సొరంగాలు తవ్వాలి, నూరాలి, సైనైడ్ ద్రావణంలో కరిగించాలి.

ఆ పలుగురాయే కార్మికుడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోలారు గనుల్లో 1940ల్లో 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. ఆ కార్మికులు ఎవరు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వెళ్లిన అంటరాని కులాలవాళ్లు. 1911లో విడిపోయేదాకా మన చిత్తూరు ఆ జిల్లాలో భాగమే. పొలంలో వెట్టి తప్పించుకోవడానికి వాళ్లు గనిలోకి దిగారు. అక్కడే సంఘం పెట్టారు. 1930లో వేలిముద్రల నమోదుకు ఎదురు తిరిగి సమ్మె కట్టారు. అయోతీదాస్ పండితుడి బౌద్ధానికి మారికుప్పంలో నిలువనీడ ఇచ్చారు. కేజీఎఫ్ చరిత్ర అనగానే సినిమా గుర్తొచ్చే తరానికి ఈ ముక్క చెప్పక తప్పదు.

భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడింది. కోలారుతోపాటు చిగురుగుంట, బిసానత్తం గనులూ ఆగిపోయాయి. సుమారు నూట ఇరవై ఏళ్లలో ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం భూమిలోంచి తవ్వి తీశారు. కేజీఎఫ్‌లో మిగిలింది సైనైడ్ దిబ్బలు, మూడు కోట్ల టన్నులకు పైనే. గాలి లేస్తే ఆ పొడి కార్మికుల లైన్ ఇళ్ల మీద పడుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. బంగారం మీద రాయల్టీ 4 శాతం. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. వేలంలో గని పొందినవాళ్లు రాయల్టీలో పదో వంతు దానికి కట్టాలి. అంటే వంద రూపాయల బంగారం తీస్తే బాధిత ప్రాంతాలకు అందేది నలభై పైసలు. పది గ్రాములు లక్ష రూపాయల లెక్కన, ఉన్నదంతా తవ్వితీసినా, గని బతికున్నంత కాలానికి సుమారు 38 కోట్లు. రాష్ట్రానికి మాత్రం రాయల్టీ కాక వేలంలో పాడిన వాటా కూడా వస్తుంది.

ఆ నలభై పైసలైనా ఎవరికి? బాధిత కుటుంబమంటే ఎవరో 2013 భూసేకరణ చట్టమే చెప్పింది. సెంటు భూమి లేకపోయినా, మూడేళ్లుగా అక్కడ కూలి చేసిన కుటుంబం, కౌలు చేసిన కుటుంబం బాధితులే. ఫౌండేషన్ మార్గదర్శకాలూ ఆ నిర్వచనాన్నే వాడుకుంటాయి. కాగితం మీద బాగానే ఉంది. కూలి చేసినట్టు రుజువేది? కౌలు నోటిమాట, కూలి చేతిలెక్క. అడంగల్‌లో పేరుండేది భూస్వామిది.

డీకేటీ పట్టాల కథ ఇంకా చిక్కు. భూగర్భ గనికి పైన కావలసిన నేల తక్కువే అంటారు. సొరంగం నోరు, మిల్లు, వ్యర్థాల చెరువు, వీటికి ఎక్కడో చోటు కావాలి. గట్టి పట్టా ఉన్న పెద్ద రైతు పొలం జోలికి వెళ్లడం కంటే రికార్డులో ‘ప్రభుత్వ భూమి’ అని ఉన్నచోట గీత గీయడం సులువు. మన జిల్లాల్లో ఆ మాట చాటున దున్నుకుంటున్నవాళ్లు మాల, మాదిగ కుటుంబాలు. అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తేల్చింది. ఆ తీర్పు పేరు మండల కార్యాలయంలో ఎంతమంది విని ఉంటారో!

ఆదివాసీ ప్రాంతాల్లో పోరాడటానికి ఐదో షెడ్యూలు ఉంది, 1997 సమత తీర్పు ఉంది. అవీ సరిగా అమలు కావడం లేదు, అది వేరే సంగతి. చిత్తూరు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడ దళితులకు అలాంటి కంచె ఏదీ లేదు. మిగిలిన ఒకే ఒక్క అవకాశం 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. అక్కడ మాట్లాడేది తరచూ కంపెనీ, సర్పంచి, ఉద్యోగాల ఆశతో వచ్చిన కుర్రాళ్లు. ఆ ఆశను నేను తప్పుపట్టను. కుప్పం నుంచి తెల్లారకముందే బెంగళూరు రైలెక్కే పిల్లలకు ఇంటి దగ్గర పని అవసరమే. అయితే ఆ పని కాంట్రాక్టరు కిందా, గని జాబితాలో పేరుతోనా? దుమ్ము కొలత ఎవరు తీస్తారు, పని మానేశాక పదేళ్లకు దగ్గు మొదలైతే చికిత్స ఎవరిస్తారు? సిలికోసిస్ ఆలస్యంగా బయటపడే జబ్బు. అప్పటికి కాంట్రాక్టరు ఉండడు.

వ్యర్థాల చెరువుకూ మిల్లుకూ గుర్తించిన సర్వే నంబర్లు, ఒక్కో నంబరులో డీకేటీ పట్టాదారుల పేర్లు, 2001కి ముందు ఆ రెండు గనుల్లో పనిచేసినవాళ్ల జాబితా: ఈ మూడూ సమాచార హక్కు కింద అడగవచ్చు. ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థులు నలుగురు కలిసి గుడుపల్లె మండలంలో ఒక్కో దళితవాడకు వెళ్లి, ఎవరు ఏ నంబరులో ఎన్నేళ్లుగా దున్నుతున్నారో, ఎవరి పొలంలో కూలి చేస్తున్నారో రాసి, సంతకాలు తీసుకుంటే మూడేళ్ల రుజువు తయారవుతుంది. ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు వచ్చాక ఉండే గడువు ముప్పై రోజులు. అంతలో ఆ పని అయ్యేది కాదు.