నూరు శాతంలో లేని కుర్రాడు

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. హాల్‌టికెట్ నంబరు కొట్టడం, సైటు తెరుచుకోకపోవడం, నెట్ సెంటర్ అన్న దగ్గరికి పరుగెత్తడం. నాకైతే 2013 నాటి ఆ రోజు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక సర్కారు హైస్కూల్లో చదివాను. ఆ ఏడాది మా బడి నూరు శాతం పాస్. గేటుకు ఫ్లెక్సీ కట్టారు, మిఠాయిలు పంచారు. ఆ ఫ్లెక్సీలో నా ఫొటో కూడా ఉంది.

నా బెంచ్‌మేట్ ఫొటో మాత్రం లేదు. వాడిది రోడ్డు నుంచి చాలా లోపలి ఊరు. ఇంట్లో కోయ మాట్లాడతారు. లెక్కల్లో నాకంటే ఫాస్ట్. తెలుగు పాఠం మాత్రం కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లిష్ సంగతి చెప్పక్కర్లేదు. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో సారు వాడిని పక్కకు పిలిచి, "ఈ ఏడు వద్దులేరా, బాగా ప్రిపేరయి వచ్చే ఏడు రాద్దువుగాని" అన్నారు. అలా ముగ్గురికి చెప్పారు. వచ్చే ఏడాది ముగ్గురిలో ఒక్కడూ బడికి రాలేదు.

ఆ సారు చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయట్లేదు. పైసా తీసుకోకుండా మాకు రాత్రి క్లాసులు చెప్పిన మనిషి ఆయన. కానీ ఫలితాలు వచ్చాక రివ్యూ మీటింగులో "మీ బడి ఎంత శాతం?" అనే ప్రశ్న ఒక్కటే వస్తుందని ఆయనకు తెలుసు. ఎంతమందితో మొదలుపెట్టారు, ఎంతమందిని ఒడ్డుకు చేర్చారు అని ఎవరూ అడగరనీ తెలుసు.

ఉద్యోగాల వేటలో ఉన్న మాకు ఈ బడుల గోల ఎందుకు అంటారా? మిమ్మల్ని కొలిచే టేపు కూడా ఇదే కాబట్టి. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అనే కాలేజీ బ్రోచర్లు చూసే ఉంటారు. కింద చిన్న అక్షరాల్లో 'అర్హులైన విద్యార్థుల్లో' అని ఉంటే ఒకసారి ఆగండి. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు, అరవై శాతం కటాఫ్ దాటనివాళ్లు ఆ లెక్కలోకే రారు. ఆ విద్య కాలేజీల్లో పుట్టలేదు. బడిలోనే మొదలైంది.

ఎవరితో భాగించారు?

చిన్న లెక్క చేద్దాం. ఇది ఊహించిన ఉదాహరణే. రెండు బడుల్లోనూ తొమ్మిదో తరగతిలో నలభై మంది చొప్పున ఉన్నారనుకోండి. మొదటి బడి నలుగురిని మెల్లగా తప్పించింది. 36 మంది రాశారు, 36 మందీ పాసయ్యారు. నూరు శాతం. రెండో బడి ఎవర్నీ వదల్లేదు. నలభై మందీ రాశారు, 37 మంది పాసయ్యారు. 92.5 శాతం. ర్యాంకు లిస్టులో మొదటి బడి పైన, రెండోది ఎక్కడో కింద. నిజానికి ఎక్కువమందిని గట్టెక్కించింది రెండో బడే. పైన ఉన్న అంకెను అందరూ చూశారు, కింద దేనితో భాగించారో ఎవరూ చూడలేదు.

మీలో చాలామందికి దీనికి ఇంకో రుజువు అక్కర్లేదు. 2020, 2021లో కొవిడ్ వల్ల రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు రద్దు చేసి, అందరినీ పాస్ చేశారు. అంకె చూస్తే నూటికి నూరు. ఆ రెండేళ్లు చదువు నూటికి నూరు సాగిందా? సిగ్నల్ కోసం గుట్టెక్కి ఆన్‌లైన్ క్లాస్ విన్న పిల్లల్ని అడగండి, చెబుతారు.

మరి ప్రభుత్వం దగ్గర వేరే కొలతలు లేవా? ఉన్నాయి. నేషనల్ అచీవ్‌మెంట్ సర్వేను 2021 నవంబర్ 12న దేశమంతా ఒకే రోజు 3, 5, 8, 10 తరగతులకు పెట్టారు. దాదాపు 34 లక్షల మంది రాశారు. తర్వాత 2024 డిసెంబర్ 4న 'పరఖ్' పేరుతో 3, 6, 9 తరగతులకు పెట్టారు. 781 జిల్లాల్లో 74,229 బడులు, 21 లక్షలకు పైగా పిల్లలు. ఇవి శాంపిల్ సర్వేలు. జిల్లా పరిస్థితి చెప్పడానికి చేసినవే తప్ప ఒక్కో బడికి మార్కులేయడానికి కాదు. కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు వెయ్యి మార్కులకు ఇచ్చే పెర్ఫార్మెన్స్ గ్రేడింగ్ ఇండెక్స్‌లో అభ్యసన ఫలితాల మార్కులు ఈ సర్వేల నుంచే వస్తాయి. మొదట్లో ఆ భాగానికి 180 మార్కులుండేవి, 2021-22 నుంచి మార్చిన ఇండెక్స్‌లో 240 చేశారు.

అంటే పైస్థాయిలో కాస్త పద్ధతైన కొలతే ఉంది. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మిగిలేది పదో తరగతి పాస్ శాతమే. 'నూరు శాతం బడులు ఎన్ని, సున్నా శాతం బడులు ఎన్ని, ఏ జిల్లా ఫస్టు, ఏ జిల్లా లాస్టు' అని ఏటా లిస్టు వస్తుంది. ఊళ్లో జనం చదివేది దాన్నే. హెడ్మాస్టర్ భయపడేదీ దానికే.

గీత జరిగితే ర్యాంకూ జరుగుతుంది

మా వైపు వస్తే ఈ ర్యాంకుల తమాషా ఇంకా బాగా అర్థమవుతుంది. 2014లో పోలవరం ముంపు పేరుతో అప్పటి ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అదే గోదావరి, అదే అడవి, అవే కోయ ఇళ్లు. కానీ ఒక పిల్లవాడి మార్కులు హైదరాబాద్ ఖాతాలో, పక్క ఊరి పిల్లవాడి మార్కులు అమరావతి ఖాతాలో పడతాయి. 2016 అక్టోబర్‌లో ఖమ్మం జిల్లాను మళ్లీ విడగొట్టి భద్రాద్రి కొత్తగూడెం చేశారు. ఏజెన్సీ బడుల్లో ఎక్కువ భాగం అటు వెళ్లాయి. ఒక్క సారు కూడా పాఠం చెప్పే తీరు మార్చుకోకుండానే రెండు జిల్లాల సగటు మారిపోతుంది. దాన్ని చూసి ఒక జిల్లాను మెచ్చుకుని, ఇంకో జిల్లాను తిడితే ఎట్లా?

ఇంకో చిక్కు బడి సైజు. ఏజెన్సీలో పది, పన్నెండు మందితో నడిచే తరగతులు మీరు చూసే ఉంటారు. పన్నెండు మందిలో ఒక్కడు తప్పితే ఎనిమిది శాతం పడిపోతుంది. పరీక్ష వారంలో ఇద్దరికి మలేరియా వస్తే ఆ బడి జిల్లాలో అట్టడుగున ఉంటుంది. మరుసటి ఏడాది అదే బడి నూరు శాతం. ఈ రెండు అంకెల మధ్య సారు బద్ధకస్తుడి నుంచి ఉత్తముడిగా మారిపోలేదు. డేటా సైన్స్ కోర్సు చేస్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు. శాంపిల్ చిన్నదైతే ఊగిసలాట ఎక్కువ.

ఇక భాష. కోయ ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఒకటో తరగతిలో తెలుగు రెండో భాష. ఇది తెలియక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. కానీ పెద్ద పరీక్ష పేపరు కోయలో రాదు. ఆ పిల్ల లెక్క రాక తప్పిందా, లెక్కలోని వాక్యం అర్థం కాక తప్పిందా? మార్కు చూసి చెప్పలేం. దానికి వరదలు తోడు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు ముంపు ఊళ్ల జనం తలదాచుకునేది చాలాసార్లు బడి గదుల్లోనే. పోయిన ఆ రోజులు ర్యాంకు లిస్టులో ఎక్కడా కనిపించవు.

టెస్టులే వద్దనాలా?

వద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నా. అంకెలు లేకపోతే ముందుగా మరిచిపోయేది అడవిలోని బడులనే. టెస్టు పెట్టి ఐదో తరగతి పిల్లకు వాక్యం చదవడం రాదని తేలితేనే ఎవరో ఒకరు కదులుతారు. నా గొడవ కొలవడం మీద కాదు, ఏం కొలుస్తున్నామన్న దాని మీదే.

ఈ దెబ్బ తిన్నది మనమొక్కళ్లమే కాదు. అమెరికాలో 2002లో 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం వచ్చింది. 2014 కల్లా పిల్లలందరూ చదవడంలో, లెక్కల్లో ప్రావీణ్యం సాధించాలని, వెనకబడ్డ బడుల మీద చర్యలుంటాయని అన్నారు. అట్లాంటా నగరంలో ఏమైంది? టీచర్లే జవాబు పత్రాలు దిద్దారు. 2011లో రాష్ట్ర దర్యాప్తు 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు బయటపెట్టింది. 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది. అంకెకు ఉద్యోగాన్ని ముడిపెడితే మనుషులు ముందు అంకెను దిద్దుతారు. మా సారు జవాబులు దిద్దలేదు, పిల్లల జాబితా దిద్దారు.

అయితే ఆ చట్టంలోనే మనం తెచ్చుకోదగ్గ రూలు కూడా ఒకటుంది. బడిలో కనీసం 95 శాతం పిల్లలు పరీక్ష రాయాలి. పేద పిల్లలు, ఇంగ్లిష్ ఇంటి భాష కానివాళ్ల ఫలితాలు విడిగా చూపాలి. సగటు చాటున ఎవర్నీ దాచకూడదని. 2015లో ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టం కూడా ఆ 95 శాతాన్ని ఉంచింది. టెస్టు మార్కులతో పాటు వేరే కొలమానం కూడా ఉండాలంది.

మన దగ్గరా దారి లేకపోలేదు. భద్రాద్రి కొత్తగూడెం ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో ఉంది. 2018లో మొదలైన ఆ కార్యక్రమంలో 'డెల్టా ర్యాంకు' అని ఒకటిస్తారు. జిల్లా ఎక్కడుందని కాకుండా, ఉన్న చోటు నుంచి ఎంత ముందుకు జరిగిందో చూస్తారు. జిల్లాకు చేయగలిగినప్పుడు బడికి ఎందుకు చేయకూడదు? ఆరో తరగతిలో చేరినప్పుడు పిల్ల ఎక్కడుంది, పదిలో ఎక్కడికొచ్చింది అని చూడాలి. ముప్ఫై నుంచి యాభై ఐదుకు తెచ్చిన బడి, డెబ్బై నుంచి డెబ్బై ఐదుకు తెచ్చిన బడి కంటే ఎక్కువ పని చేసినట్టే.

నేను అడిగేవి నాలుగే. పాస్ శాతం పక్కనే తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉన్నారో అచ్చు వేయాలి. చిన్న బడులకు ఒక్క ఏడాది ఫలితం మీద ర్యాంకు వద్దు, మూడేళ్లు కలిపి చూడాలి. చేరిన చోటు నుంచి ఎంత ఎదిగారో చూపాలి. ఇంటి భాష వేరైన పిల్లల లెక్క విడిగా పెట్టాలి. ఇందులో ఏదీ రాకెట్ సైన్స్ కాదు. ఎక్సెల్ వచ్చిన ఎవరైనా చేయగలిగిన పని.

మీ చేతిలో ఉన్నది

తెలంగాణలో 2024 డీఎస్సీకి 11,062 పోస్టులిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347. మీలో కొందరు రేపు చర్లలోనో చింతూరులోనో సారుగానో మేడంగానో నిలబడతారు. ఫీజు కట్టే రోజుల్లో "వీణ్ని ఆపుదామా" అనే ప్రశ్న మీ ముందుకూ వస్తుంది. ఇంకొందరు ఐటీ కంపెనీలో చేరి ఏ విద్యాశాఖకో డ్యాష్‌బోర్డు తయారుచేస్తారు. ఆకుపచ్చ, ఎరుపు రంగులు ఏ అంకెకు వేయాలో నిర్ణయించే సమావేశంలో అందరికంటే జూనియర్ మీరే కావచ్చు. అయినా అడగండి: "సార్, ఈ శాతం ఎంతమందిలో?"

ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. దాంతో తరగతివారీగా ఎంతమంది చదువుతున్నారో ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మీ ఊరి బడికి పోయినేడాది తొమ్మిదిలో ఉన్నదెంతమంది, ఈ ఏడాది పది రాసిందెంతమంది? అరగంట పని. తేడా కనిపిస్తే గొడవ పెట్టుకోకండి. కొందరు వేరే బడికి మారి ఉంటారు, కొందరు ఊరే వదిలి ఉంటారు. హెడ్మాస్టర్ దగ్గరికెళ్లి మిగతావాళ్లు ఎక్కడున్నారో కనుక్కోండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే చెప్పుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

పోయిన దసరాకు ఇంటికెళ్లినప్పుడు నా బెంచ్‌మేట్ కలిశాడు. సారపాక వైపు ఆటో నడుపుతున్నాడు. కిరాయి తీసుకోనన్నాడు. మాటల్లో పాత బడి సంగతి వచ్చింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "రాసి ఫెయిలైతే నా తప్పనుకుందును గదరా. నన్ను ఫెయిల్ గూడ కానియ్యలే."

వాడి కూతురు ఇప్పుడు మూడో తరగతి, అదే ఊరి సర్కారు బడిలో. ఆ పిల్ల పదికి వచ్చేసరికి ఇంకో ఏడేళ్లుంది. ఆ బడికి టీచరుగా వెళ్లేది, ఆ బడి మార్కుల్ని స్క్రీన్ మీద పెట్టేది మీలోంచే ఎవరో ఒకరు.